కాంపౌండ్ బోలో బాణం వంకరగా పోతోందా? రెస్ట్ స్క్రూ మీద చెయ్యి వేసేముందు ఇవి చూడండి

నిన్నటిదాకా టార్గెట్ మధ్య పసుపులో పడ్డ బాణాలు ఇవాళ ఎడమకి జారిపోతున్నాయనుకోండి, లేకపోతే బాణం తోక ఊపుకుంటూ పోతోందనుకోండి, మనవాళ్ళు చాలామంది ముందు చేసే పని అలెన్ కీ తీసి రెస్ట్ తిప్పెయ్యడం. దయచేసి ఆగండి. రెస్ట్ అనేది బాణం ఆనడానికి బోకి బోల్టుతో బిగించిన లోహపు ముక్క, బోల్టు వదులైతే తప్ప దానంతటది కదలదు. కదిలేవి దారాలు, అంటే స్ట్రింగ్, కేబుల్స్, స్ట్రింగ్ మీద చుట్టిన సర్వింగ్ దారం, రిలీజ్ కొక్కెం తగిలించే డి లూప్ ఉచ్చు. అసలు జరిగింది వాటిల్లో ఒకటైతే మీరు రెస్ట్ తిప్పి దాన్ని కప్పెడుతున్నారన్నమాట, వారం తిరక్కుండా సమస్య మళ్ళీ వస్తుంది, అప్పటికి రెస్ట్ అసలు ఎక్కడుండేదో కూడా గుర్తుండదు.

అందుకని మొట్టమొదటి పని గుర్తులు పెట్టుకోడం. రెస్ట్ మీద గీతల స్కేల్ ఉంటే ఎక్కడుందో ఫోన్లో ఫోటో తీస్కోండి, స్కేల్ లేకపోతే వైట్నర్ పెన్నుతో రెస్ట్‌కీ దాని బ్రాకెట్‌కీ కలిపి సన్నగా ఓ గీత గీయండి. డి లూప్ ముడుల పక్కన సర్వింగ్ మీద చుక్క పెట్టండి, రెండు క్యామ్‌ల (బో రెండు చివర్లా తిరిగే చక్రాలు) మీదా కేబుల్ ఎక్కడ దాటుతోందో అక్కడ కూడా. ఐదు నిమిషాల పని. ఈ గుర్తులుంటే ఏది కదిలిందో బో చూడగానే తెలిసిపోతుంది.

అలెన్ కీల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తా. హోయ్ట్, మాథ్యూస్, పీఎస్ఈ ఇవన్నీ అమెరికా బోలు, వాటి స్క్రూలు అంగుళాల లెక్కలో ఉంటాయి, 5/64, 3/32, 7/64, 9/64 ఇలా. రాజమండ్రిలోనో భీమవరంలోనో హార్డ్‌వేర్ షాపుకెళ్ళి ఊరికే అలెన్ కీ సెట్టు అడిగితే ఎక్కువగా ఇచ్చేది మిల్లీమీటర్లది. 9/64 స్క్రూలో 3.5 కీ దూరుతుంది కానీ వదులుగా ఉంటుంది, రెండుసార్లు గట్టిగా తిప్పితే స్క్రూ తల గుండ్రంగా అరిగిపోతుంది, ఇక ఆ రెస్ట్‌ని కదపడం ఎవరి వల్లా కాదు. అంగుళాల సెట్టు కావాలని అడిగి తెప్పించుకోండి.

ఇప్పుడు బాణాలు. అన్నిటికీ నంబర్లు వెయ్యండి. ఎప్పుడూ ఒక్క 4వ నంబరు బాణమే బయటికి పోతుంటే బోది ఏ తప్పూ లేదు, ఆ బాణాన్ని పక్కన పెట్టండి. బాణం కార్బన్ కడ్డీని, అంటే షాఫ్ట్‌ని, రెండు చేతుల్తో పట్టుకుని చెవి దగ్గర మెల్లగా వంచి తిప్పుతూ వినండి, చిటపటమని శబ్దం వచ్చినా, వేలికి గరుగ్గా గీత తగిలినా ఆ బాణాన్ని విరిచి పారెయ్యండి, దాచుకోకండి, ఎందుకంటే పగులున్న కార్బన్ వదిలేటప్పుడు ముక్కలై బో పట్టుకున్న చేతిలోకే దిగుతుంది. తర్వాత నాక్, అంటే బాణం తోకలో స్ట్రింగ్ పట్టే గాడి, దాని బిగువు చూడాలి. బాణాన్ని స్ట్రింగ్‌కి తగిలించి మొన నేల వైపు వేలాడేట్టు బోని పట్టుకోండి, నాక్‌కి కాస్త దూరంలో స్ట్రింగ్ మీద వేలితో ఒక్కటి తట్టండి, బాణం ఊడి పడాలి. తట్టకముందే పడిపోతే సర్వింగ్ అరిగిపోయింది, నాలుగైదుసార్లు తట్టినా పడకపోతే నాక్ బిగుతు. ఈ రెండిట్లో ఏదైనా సరే, తర్వాత చెప్పే పేపర్ ట్యూనింగ్‌లో కాగితం మీద చీలిక పిచ్చిపిచ్చిగా వస్తుంది, రోజుకో దిక్కు చూపిస్తుంది.

డి లూప్ కూడా అంతే. కొత్తగా కట్టినప్పుడు పట్టకారుతో లాగి బిగించకపోతే అది సర్వింగ్ మీద మెల్లమెల్లగా జారుతుంది. బో పూర్తిగా లాగినప్పుడు లూప్ ముడులు నాక్‌ని అటూ ఇటూ నొక్కెయ్యకుండా కాస్త సందుండాలి, నొక్కేస్తే బాణం రెస్ట్ మీంచి పైకి లేస్తుంది, అది రెస్ట్ తప్పు అనుకుంటాం.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు తగులుడు సంగతి. వెళ్ళే బాణం వేన్లు, అంటే తోక దగ్గరి రెక్కలు, రెస్ట్‌కో కేబుల్‌కో తగులుతుంటే మీరు ఎంత ట్యూన్ చేసినా వృథా. తెల్సుకోడం చాలా తేలిక, మొహానికి రాసుకునే టాల్కం పౌడర్ రెస్ట్ మీదా కేబుల్స్ మీదా చల్లి ఒక బాణం వదలండి. తర్వాత వేన్లు చూడండి, పౌడర్ అంటుకున్న వేనే తగిలిన వేను. నాక్‌ని కొంచెం తిప్పి రెస్ట్ రెండు వేన్ల మధ్యలోంచి పోయేట్టు పెట్టి మళ్ళీ పౌడర్ చల్లి చూడండి. చాలామందికి ఇక్కడితోనే సమస్య తీరిపోతుందండి, స్క్రూ దాకా పోనక్కర్లేదు.

బ్లేడ్ రెస్ట్ వాడేవాళ్ళకి ప్రత్యేకంగా ఓ మాట. మన దగ్గర టార్గెట్ ఆడే పిల్లలు ఎక్కువగా వాడేది ఇదే. బ్లేడ్ అంటే పల్చటి స్ప్రింగ్ రేకు, మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్తారు, 8, 10, 12 ఇలా. సన్నటి తేలిక బాణానికి 8 సరిపోతుంది, బరువుంటే 10 లేదా 12. బరువు బాణానికి పల్చటి బ్లేడ్ వేస్తే అది మరీ వంగిపోయి బాణం గెంతుతుంది, తేలిక బాణానికి మందం బ్లేడ్ వేస్తే బాణాన్ని పైకి తన్నుతుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య పెట్టి మొదలెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, బ్లేడ్ అరిగిపోయే వస్తువు. వేల బాణాలు దాటాక మడత దగ్గర కంటికి కనపడని పగులొస్తుంది, ఆపైన పైకిందా తేడాలు మొదలౌతాయి. అంతర్వేది, నరసాపురం, కాకినాడ వైపు సముద్రం దగ్గర ఉండేవాళ్ళు మరీ జాగ్రత్త, ఉప్పుగాలికి బ్లేడ్ అంచుల్లో తుప్పు పడుతుంది, తుప్పున్న అంచు షాఫ్ట్‌ని గీకుతుంది. ప్రాక్టీసు అయ్యాక పొడి గుడ్డతో తుడిచి, కేసులో సిలికా జెల్ పొట్లాలు పడేసి ఉంచండి. నూనె రాసేటట్టయితే ఇనుముకి మాత్రమే, అదీ ఒక్క చుక్క, స్ట్రింగ్‌కి తగలనివ్వకండి. స్ట్రింగ్‌కి కావల్సింది స్ట్రింగ్ వ్యాక్స్.

బాణం వదలగానే కిందికి పడిపోయే డ్రాప్ అవే రెస్ట్ ఐతే చూడాల్సింది తాడు. కేబుల్‌కి కట్టిన రకంలో, మీరు బో లాగుతుంటే రెస్ట్ చివరి ఒకటి రెండు అంగుళాల్లో పూర్తిగా పైకి లేచి నిలబడాలి. తాడు వదులైతే పూర్తిగా లేవదు, మరీ బిగుతైతే ముందే లేచిపోతుంది, బాణం వదిలాక ఆలస్యంగా పడి వేన్లకి తగులుతుంది. లింబ్‌కి, అంటే బో వంగే చేతికి, కట్టిన రకం దీనికి తిరగేసి, బో లాగనప్పుడు తాడు బిగుసుకుని రెస్ట్‌ని కిందికి పట్టి ఉంచుతుంది, లాగేకొద్దీ తాడు వదులై రెస్ట్ తన స్ప్రింగ్‌తో తనే లేస్తుంది. పక్కనోళ్ళని ఫోన్లో స్లో మోషన్ వీడియో తియ్యమనండి, బాణం వెళ్ళేటప్పుడు రెస్ట్ ఎప్పుడు పడిందో స్పష్టంగా కనపడుతుంది.

ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచీ సెట్ చెయ్యాల్సి వస్తే. రెస్ట్ బోల్టు పట్టే రంధ్రం మధ్య ఎత్తులో షాఫ్ట్ పోవాలి. పక్కకి, రైజర్ (బో మధ్య పట్టుకునే భాగం) గోడ నుంచి షాఫ్ట్ మధ్యకి 13/16 అంగుళం చాలా బోలకి మంచి మొదలు, మీ బో కంపెనీ వేరే కొలత చెప్తే అదే పెట్టండి. స్ట్రింగ్ నిలువుగా ఉండేట్టు బోని నిలబెట్టి, బాణం మీద చిన్న రసమట్టం పెట్టి చూడండి, బాణం సమంగా ఉండాలి, లేదా నాక్ ఒక్క నూలు పైకి ఉన్నా ఫర్వాలేదు.

తర్వాత పేపర్ ట్యూనింగ్. పాత అట్టపెట్టెకి రెండు వైపులా పెద్ద కిటికీ కోసి ముందు వైపు న్యూస్‌పేపర్ బిగుతుగా అంటించండి, దాని వెనక ఆరడుగుల్లో బాస్, అంటే బాణం దిగే దిమ్మ, పెట్టండి, మీరు కాగితానికి ఐదారడుగుల దూరంలో నిలబడండి, కాగితం భుజం ఎత్తులో ఉండాలి. బాస్ గట్టిదై ఉండాలి, వరిగడ్డి వదులుగా కట్టిందైతే కాంపౌండ్ బాణం దాన్ని దాటేస్తుంది. కొబ్బరితోటలో పెడితే బాస్ వెనక కాలవగట్టు మీద నడిచే దారి లేకుండా చూస్కోండి, ఇది మాత్రం ఎవరు చెప్పినా చెప్పకపోయినా తప్పకూడదు.

చిల్లు చూడటం ఇలాగ. మొన చేసేది గుండ్రటి బొక్క, వేన్లు చేసేవి చీలికలు. చీలికలు బొక్కకి పైన ఉంటే తోక పైకెత్తి పోతోంది, అప్పుడు నాకింగ్ పాయింట్ (స్ట్రింగ్ మీద నాక్ తగిలే చోటు) కిందికి దించాలి లేదా రెస్ట్ పైకెత్తాలి. కింద ఉంటే దీనికి ఉల్టా. తోక ఎడమకి చీలితే రెస్ట్‌ని కుడికి, కుడికి చీలితే ఎడమకి జరపాలి, ఎడమచేతివాళ్ళకి కూడా ఇంతే. ముందు పైకిందా చీలిక పోగొట్టాలి, తర్వాతే పక్క చీలిక. ఒక్కసారికి 1/32 అంగుళం, అంటే మిల్లీమీటరులోపే, ఒక్క వైపే. ప్రతి మార్పుకీ మూడు బాణాలు. ఆ మూడూ మూడు రకాలుగా చిరిగితే రెస్ట్ ముట్టుకోవద్దు, అది మీ చెయ్యి. గ్రిప్‌ని పిడికిలి బిగించి పట్టుకుంటే బో మెలితిరుగుతుంది, బొటనవేలు కింద కండ మీద ఆనించి వేళ్ళు వదులుగా పెట్టి మళ్ళీ వెయ్యండి. మొహానికి స్ట్రింగ్‌ని గట్టిగా ఆనించినా ఇదే రకం చీలిక వస్తుంది.

రెస్ట్ ఎంత జరిపినా పక్క చీలిక పోలేదంటే బాణం స్పైన్, అంటే షాఫ్ట్ బిరుసు, సరిపోలేదేమో చూడండి. స్పైన్ నంబరు పెద్దదయ్యేకొద్దీ షాఫ్ట్ మెత్తన, 500 కంటే 400 గట్టిది. మొన బరువు పెంచితే బాణం మెత్తగా పనిచేస్తుంది, డ్రా వెయిట్, అంటే బో లాగే బరువు, తగ్గిస్తే గట్టిగా పనిచేస్తుంది. డ్రా వెయిట్ తగ్గించేటప్పుడు పైనా కిందా లింబ్ బోల్టులు సమానంగా తిప్పాలి, కంపెనీ చెప్పిన తిప్పులు దాటకూడదు. పైకిందా చీలిక పోకపోతే క్యామ్ టైమింగ్ అనుమానించండి. గుర్తులు పెట్టారు కదా, వాటిని చూడండి, బాణం పెట్టుకుని బాస్ వైపే లాగి, రెండు క్యామ్‌ల స్టాపులూ ఒకేసారి తగులుతున్నాయో లేదో పక్కన ఇంకొకర్ని చూడమనండి. తేడా ఉంటే కేబుల్‌కి మెలి వెయ్యాలి, దానికి లింబ్‌లని వంచిపట్టే బో ప్రెస్ కావాలి. ఇంట్లో తాళ్ళతో, చెక్కలతో ప్రయత్నించొద్దు, కోచ్ దగ్గరికో ప్రెస్ ఉన్నవాళ్ళ దగ్గరికో తీస్కెళ్ళండి. బాణం లేకుండా లాగి వదలడం ఎప్పుడూ, ఎవరి సరదాకీ చెయ్యొద్దు, లింబ్ పగులుతుంది.

సెకండ్‌హ్యాండ్ బో కొన్నవాళ్ళకి ఇదంతా మొదటి రోజే చెయ్యాల్సిన పని. కాంపౌండ్ ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖ 2023లో బెర్లిన్‌లో టీమ్‌తో ప్రపంచ స్వర్ణం, అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది, పైగా 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా పెట్టారు, దాంతో పిల్లలకి బో కొనివ్వాలని అడిగే అమ్మానాన్నలు మనవైపు కూడా ఉన్నారు. కొత్తది ఖరీదు కాబట్టి పాతది కొంటారు, తప్పేం లేదు. కానీ ఆ రెస్ట్ ఇంకొకళ్ళ చేతికీ ఇంకొకళ్ళ బాణాలకీ సెట్ చేసింది. ముందు డ్రా లెంగ్త్ (బో లాగే పొడవు) పిల్లకి సరిపోయేట్టు చేయించి, స్ట్రింగ్ ఏడాదులనాటిదైతే మార్పించి, ఆ తర్వాత ట్యూన్ చెయ్యండి. కొత్త స్ట్రింగ్ వేశాక వంద రెండొందల బాణాలు వేసేదాకా అది సర్దుకుంటూ ఉంటుంది, ఆలోపు చేసిన ట్యూనింగ్ నిలవదు.

కాగితం మీద గుండ్రటి చిల్లు వచ్చాక దూరంలో ఒకసారి సరిచూసుకోవాలి. బాస్ మీద పైన ఒక చుక్క, దాని నుంచి దారానికి బరువు కట్టి నిలువుగా వేలాడదీయండి. సైట్‌ని 20 మీటర్లకి సెట్ చేసి కదపకుండా, ఆ చుక్కనే గురి చూసి 20, 30, 40 మీటర్ల నుంచి వెయ్యండి. బాణాలు కిందకి కిందకి పడతాయి, అది మామూలే, దారం వెంబడి నిలువుగా పడితే చాలు. వెనక్కెళ్ళేకొద్దీ ఎడమకి జారుతుంటే రెస్ట్‌ని వెంట్రుకవాసి కుడికి, కుడికైతే ఎడమకి. సైట్‌లో బుడగ మధ్యలో ఉందో లేదో ప్రతి బాణానికీ చూస్కోండి, బో వాలితే కూడా ఇలాగే జారుతుంది. ఇది పొద్దున్నే, గాలి లేనప్పుడు చెయ్యాలి. మధ్యాన్నం దాటి సముద్రం గాలి లేచాక 50 మీటర్లలో పడ్డ బాణం చూసి రెస్ట్ తిప్పితే ఆ గాలికి ట్యూన్ చేసినట్టే అవుతుంది, బోకి కాదు.

రోహిణి కార్తె ఎండల్లో బోని కారు డిక్కీలో వదలొద్దు, ఆ వేడికి స్ట్రింగ్ సాగుతుంది, లింబ్‌లు కూడా పాడవ్వొచ్చు. వానలో ఆడితే ఇంటికి రాగానే తుడిచి ఆరబెట్టండి. అంతా కుదిరాక రెస్ట్ స్క్రూలకి వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్ లాకర్ ఓ చుక్క వేసి బిగించి, గుర్తుల గీతలు కొత్తగా గీసి, నాకింగ్ పాయింట్ ఎత్తూ, రైజర్ నుంచి రెస్ట్ దూరమూ, క్యామ్ నుంచి క్యామ్‌కి కొలతా ఒక కాగితం మీద రాసి బో కేసులో పెట్టండి. పోటీలకెళ్ళేటప్పుడు ఆ కేసులోనే ఇంకో బ్లేడు, డి లూప్ తాడు ముక్క, రెండు నాక్‌లు, సరైన సైజు అలెన్ కీలు కూడా ఉండాలి.