ఎముకలు గుల్లబారడానికి వాడుతున్న మందులు కారణమా? తెలుసుకోవడం ఎలా?

డెక్సా స్కాన్ రిపోర్టులో ఎముకల సాంద్రత తక్కువగా ఉందని తేలగానే చాలామంది కాల్షియం మాత్రలు మొదలుపెట్టేస్తారు. అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: ఎముక అరిగిపోవడానికి వయసొక్కటే కారణమా, లేక మరో జబ్బు కోసం ఏళ్ల తరబడి మింగుతున్న మందుకు కూడా అందులో పాత్ర ఉందా? దీన్ని నిర్ధారించవలసింది వైద్యులే అయినా, అందుకు కావలసిన సమాచారం చాలావరకు మీ మందుల డబ్బాలోనే ఉంటుంది. దాన్ని ఓ క్రమంలో బయటికి తీయడం ఎలాగో చూద్దాం.

1. జాబితాలో మందు పేరుతోపాటు మోతాదు, వాడిన కాలం రాయండి

ఇప్పుడు వాడుతున్నవాటితోపాటు, గతంలో మూడు నెలలకు మించి వాడి మానేసినవాటిని కూడా రాయాలి. బ్రాండు పేరు ఒక్కటే సరిపోదు. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాలతో ముద్రించిన అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఏ సంవత్సరం నుంచి అన్న నాలుగు వివరాలూ ఉండాలి. మాత్రలు ఒక్కొక్కటే కత్తిరించుకుని వాడేవారికి ఆ పేరున్న ముక్క చివరికి మిగలదు కాబట్టి పాత ప్రిస్క్రిప్షన్లు కూడా దగ్గర పెట్టుకోండి. ఇన్‌హేలర్లు, కీళ్లలోకి తీసుకున్న ఇంజెక్షన్లు, మూడు నెలలకోసారి తీసుకునే గర్భనిరోధక ఇంజెక్షన్లు, ఒంటికి మంచిదని ఎవరో ఇచ్చిన చూర్ణాలు ఈ జాబితాలోంచి తరచుగా జారిపోతుంటాయి, ఎందుకంటే వాడేవారు వాటిని మందుల కింద లెక్కవేయరు.

2. అన్నిటికంటే ముందు స్టెరాయిడ్లను వెతకండి

మందుల వల్ల ఎముకలు గుల్లబారడానికి అతి ముఖ్యమైన కారణం స్టెరాయిడ్లే. ప్రెడ్నిసొలోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్, డెఫ్లజకార్ట్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అన్న పేర్లలో ఏదైనా మీ జాబితాలో ఉంటే దాని కింద గీత గీయండి. ఇవి కొత్త ఎముకను కట్టే కణాలను మందగింపజేస్తాయి, పేగులు కాల్షియంను పీల్చుకోవడాన్ని తగ్గిస్తాయి, మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోయేలా చేస్తాయి. రోజుకు 2.5 మిల్లీగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ప్రెడ్నిసొలోన్‌ను మూడు నెలలు, ఆపైన వాడేవారికి ఎముకల పరిస్థితిని అంచనా వేయాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. వేరే స్టెరాయిడ్ వాడుతుంటే లెక్క మారుతుంది: 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కు సమానమైనది 4 మిల్లీగ్రాముల మిథైల్ ప్రెడ్నిసొలోన్, సుమారు 6 మిల్లీగ్రాముల డెఫ్లజకార్ట్, 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్. అర మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్రను చూసి చిన్న మోతాదే కదా అనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. స్టెరాయిడ్ మొదలుపెట్టిన మూడు నుంచి ఆరు నెలల్లోనే ఎముక విరిగే ముప్పు పెరుగుతుంది. సాంద్రత మరీ తగ్గినట్టు స్కాన్‌లో కనిపించకముందే వెన్నుపూసలు విరగవచ్చు. అందువల్ల స్టెరాయిడ్ వాడుతున్నవారు రిపోర్టు పరవాలేదని వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు. మందు ఆపిన తర్వాత ఈ ముప్పు తగ్గుతూ వస్తుందన్నది ఊరట కలిగించే మాట. ఇన్‌హేలర్ల వల్ల ముప్పు మాత్రల కంటే బాగా తక్కువ, అయితే ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి వాడితే దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. లోపల ఏముందో రాయని చూర్ణం కీళ్లనొప్పులను రెండు మూడు రోజుల్లోనే మాయం చేసి, ఆకలి పెంచి, ముఖాన్ని గుండ్రంగా చేస్తుంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉందేమోనని అనుమానించడం తప్పు కాదు.

3. తర్వాత మిగిలిన మందులను చూడండి

హార్మోన్లను తగ్గించే మందులకు స్టెరాయిడ్ల తర్వాతి స్థానం ఇవ్వాలి. రొమ్ము క్యాన్సర్‌కు వాడే లెట్రొజోల్, అనాస్ట్రొజోల్, ఎక్సెమెస్టేన్ ఈస్ట్రోజెన్‌ను, ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే ల్యూప్రోలైడ్ వంటి ఇంజెక్షన్లు టెస్టోస్టెరాన్‌ను బాగా తగ్గించడం వల్ల ఎముక వేగంగా అరుగుతుంది. మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ గర్భనిరోధక ఇంజెక్షన్ విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోనే గట్టి హెచ్చరిక జారీ చేసింది. అయితే ఇంజెక్షన్ మానేశాక తగ్గిన సాంద్రత చాలావరకు తిరిగి వస్తుంది.

థైరాయిడ్ తక్కువగా పనిచేసేవారు వాడే థైరాక్సిన్ దానంతటది ఎముకకు శత్రువు కాదు, అవసరానికి మించిన మోతాదే హాని చేస్తుంది. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాక్సిన్ మోతాదు ఎక్కువైతే తగ్గే హార్మోన్) బాగా తక్కువగా వస్తూ ఉంటే, ముఖ్యంగా నెలసరి ఆగిపోయిన స్త్రీలు, మోతాదు గురించి వైద్యులను అడగాలి. ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్, కార్బమజిపైన్ వంటి మూర్ఛ మందులు కాలేయంలో విటమిన్ డి త్వరగా విచ్ఛిన్నమయ్యేలా చేస్తాయి.

ఒమెప్రజోల్, పాంటొప్రజోల్, రాబెప్రజోల్ వంటి గ్యాస్ మాత్రల మీద పడిన నింద కొంచెం ఎక్కువేనని నా అభిప్రాయం. ఎక్కువ మోతాదులో గాని, ఏడాదికి మించి గాని వాడేవారిలో తుంటి, మణికట్టు, వెన్నుపూసలు విరిగే ముప్పు పెరగవచ్చని 2010లో హెచ్చరిక వచ్చిన మాట నిజమే. కాని స్కాన్‌లలో సాంద్రత తగ్గుదల స్పష్టంగా కనిపించలేదు, పైగా ఆ మాత్రలు వాడేవారిలో ఇతర జబ్బులు కూడా ఎక్కువగానే ఉంటాయి. రక్తస్రావమయ్యే అల్సర్ ఉన్నవారు భయపడి ఇవి మానేయడం కంటే, అసలు అవసరమే లేకుండా అలవాటుగా వాడుతున్నవారు మానడం గురించి ఆలోచించడం మేలు.

షుగర్‌కు వాడే పయోగ్లిటజోన్, హెచ్ఐవీకి, హెపటైటిస్ బీకి వాడే టెనోఫొవిర్ డైసోప్రాక్సిల్, రక్తం గడ్డకట్టకుండా నెలల తరబడి తీసుకునే హెపారిన్, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరొసెమైడ్ కూడా గుర్తించవలసినవే. నిద్రమాత్రల వల్ల ఎముక అరిగిపోదు గాని, రాత్రివేళ తూలి పడటానికి అవి కారణమవుతాయి కాబట్టి వాటినీ రాయండి.

4. సప్లిమెంట్ల లేబుళ్లను చదవండి

కాల్షియం మాత్ర మీద 1250 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ అని ఉంటే, అందులో అసలు కాల్షియం 500 మిల్లీగ్రాములే. ఆ సంగతి సాధారణంగా పక్కనే చిన్న అక్షరాలతో ఉంటుంది. కార్బొనేట్ రకం ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి కాబట్టి భోజనంతోపాటు వేసుకోవాలి. గ్యాస్ మాత్రలు వాడేవారికి సిట్రేట్ రకం అనుకూలం. కాల్షియంకు, థైరాక్సిన్‌కు మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.

విటమిన్ ఎ ఎక్కువైతే ఎముకకు హాని కాబట్టి దాని విషయంలో జాగ్రత్త అవసరం. రెటినాల్ రూపంలో రోజుకు 3000 మైక్రోగ్రాములు, అంటే 10,000 యూనిట్లు దాటకూడదు. మల్టీవిటమిన్, కాడ్ లివర్ ఆయిల్ రెండూ వాడేవారు రెంటిలోనిదీ కలిపి లెక్కవేసుకోవాలి. బీటా కెరోటిన్‌కు ఈ బెడద లేదు.

విటమిన్ డి ఎంత ఎక్కువైతే ఎముకకు అంత బలమనే నమ్మకం కూడా నిలవలేదు. వృద్ధ మహిళలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. వారిలో పడిపోవడాలు, ఎముకలు విరగడాలు పెరిగాయే తప్ప తగ్గలేదు. 2019లో ప్రచురితమైన మరో మూడేళ్ల అధ్యయనంలో రోజుకు 400 యూనిట్లు తీసుకున్నవారి కంటే 10,000 యూనిట్లు తీసుకున్నవారి ఎముకల సాంద్రతే తక్కువగా తేలింది. లోపం ఉన్నవారు వైద్యులు చెప్పినంత వాడటం వేరు, ఊరికే మింగడం వేరు. జుట్టు కోసం వాడే బయోటిన్ ఎముకను ఏమీ చేయదు గాని, థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలదు. పరీక్షకు ముందు దాన్ని ఎన్నిరోజులు ఆపాలో అడగండి.

5. మందులు కాని కారణాలనూ జత చేయండి

జాబితా చివర కొన్ని వివరాలు రాయండి: నెలసరి ఏ వయసులో ఆగింది, అండాశయాలు తీసేశారా, పొగతాగే అలవాటు, మద్యం, కుటుంబంలో ఎవరికైనా తుంటి ఎముక విరిగిందా, బరువు తగ్గించే ఆపరేషన్ జరిగిందా, నెలల తరబడి మంచం పట్టారా. యౌవనంలో ఉన్న ఎత్తు కంటే ఇప్పుడు నాలుగు సెంటీమీటర్లో అంతకంటే ఎక్కువో తగ్గితే తప్పకుండా రాయాలి, ఎందుకంటే వెన్నుపూసలు నొప్పి తెలియకుండానే కుంగిపోతుంటాయి. పారాథైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, సీలియాక్ జబ్బు (గోధుమల్లోని గ్లూటెన్ పడకపోవడం), మూత్రపిండాల జబ్బు, మల్టిపుల్ మైలోమా (ఒక రకం రక్త క్యాన్సర్) వంటివి రక్తపరీక్షల్లో బయటపడతాయి. ఏయే పరీక్షలు అవసరమో వైద్యులు నిర్ణయిస్తారు.

6. ఏ మందునూ సొంతంగా ఆపకుండా వైద్యులను కలవండి

స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపితే శరీరం తన సొంత హార్మోన్‌ను వెంటనే తయారుచేసుకోలేక ప్రాణాపాయం కలగవచ్చు. మూర్ఛ మందు ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి. ఎముకల కోసమే ఆరు నెలలకోసారి తీసుకునే డెనొసుమాబ్ ఇంజెక్షన్‌ను కూడా వాయిదా వేయకూడదు, ఎందుకంటే దాని ప్రభావం తగ్గగానే ఎముక వేగంగా అరిగి ఒకేసారి అనేక వెన్నుపూసలు విరిగిన సందర్భాలున్నాయి. కాబట్టి ‘ఈ మందు ఆపేయనా?’ అని కాకుండా, ‘మోతాదు తగ్గించే వీలుందా, ఎముకకు హాని తక్కువ చేసే ప్రత్యామ్నాయం ఉందా, ఇదే వాడక తప్పకపోతే ఎముకకు రక్షణగా మరో మందు కావాలా?’ అని అడగండి. మూడో ప్రశ్న అడగడం మరిచిపోయేవారే ఎక్కువ.

7. తర్వాతి స్కాన్ వరకు

మందుల్లో మార్పు ఫలితం కొన్ని వారాల్లో స్కాన్‌లో కనిపించదు. సాధారణంగా ఏడాది, రెండేళ్లు ఆగి మళ్లీ తీస్తారు. యంత్రం మారితే అంకెలు పోల్చడానికి పనికిరావు కాబట్టి వీలైనంతవరకు మొదటిసారి తీసిన యంత్రం మీదే తీయించుకోండి, స్కాన్‌కు ముందు 24 గంటలు కాల్షియం మాత్ర ఆపండి. వయసు మళ్లినవారిలో వెన్నెముక అరిగి పక్కన ఎముక పెరిగినప్పుడు అక్కడి సాంద్రత ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అప్పుడు తుంటి దగ్గరి అంకెనే నమ్మాలి. పాత రిపోర్టును, మందుల జాబితాను కలిపి ఒకే ఫైలులో ఉంచితే, ఏ మందు మొదలైన తర్వాత ఏ అంకె ఎంత మారిందో వైద్యులు చూసి చెప్పగలుగుతారు.