పాత క్యాలెండర్ దించే ముందు ఇంటిల్లిపాదీ కూర్చోండి

డిసెంబరు చివర్లో ఊరికి పోయి రెండు రోజులుండి వచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. మాది దేవరకొండ దగ్గర పల్లె. నేను, తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాం, అక్క మిర్యాలగూడలో. చాలా ఏళ్లు మేమూ అందరిలాగే పోయాం, తిన్నాం, పడుకున్నాం, పక్కపక్కనే కూర్చుని ఎవరి ఫోన్ వాళ్లు చూసుకున్నాం, సంచిలో కందిపప్పు, పచ్చడి సీసాలు సర్దుకుని మళ్లీ బస్సెక్కాం. మూడేళ్ల నుంచి మాత్రం ఒక సాయంత్రం గోడకున్న పాత క్యాలెండర్ దించి, దాని చుట్టూ కూర్చుని జనవరి నుంచి డిసెంబరు దాకా గడి గడీ చదువుతున్నాం. ఎట్లా చేయాలో చెప్తా, మీ ఇంట్లోనూ చేయండి.

ముందు రోజు కుదుర్చుకోవాలి. సంక్రాంతికి చూద్దాంలే అనుకోవద్దు, అప్పటికి కొత్త క్యాలెండర్ తగిలించేసి పాతది పిల్లల పుస్తకాలకు అట్టలైపోతుంది, పైగా పండగంటే అల్లుళ్లు, పిండివంటలు, ముగ్గులు, నిమ్మళంగా కూర్చునే మనిషే దొరకరు. చాలా బళ్లకు క్రిస్మస్‌కు 25, 26 సెలవు, దానికి ఆదివారం కలిస్తే మరీ మంచిది. అయితే మన సెలవు చూసుకుని బయల్దేరే ముందు ఇంటికి ఫోన్ చేసి కంది ఎప్పుడు కోస్తున్నారు, పత్తి ఏరడానికి కూలీలు ఏ రోజు వస్తున్నారు అని అడగండి. పని ఉన్న రోజు మనం దిగితే అమ్మ చేనుకూ పొయ్యికీ మధ్య నలిగిపోతుంది. ఒక ఏడు మేం అట్లనే పోయి ఆమెను ఏడిపించినంత పని చేశాం, ఇప్పటికీ బాధేస్తుంది.

ప్రయాణం సంగతి ఒక్క మాట. 2023 డిసెంబరు 9 నుంచి మా తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి అక్క పిల్లలను తీసుకుని రావడం తేలికైంది. బస్సుల్లో రద్దీ కూడా పెరిగింది, 24 సాయంత్రం కంటే 25 తెల్లవారుజామున బయల్దేరడం నయం. ఆధార్ కార్డు మరిచిపోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి. పెద్దవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి "ఈ ఏడు ఎట్లా గడిచింది?" అని అడిగితే "ఏముంది బిడ్డా, గడిచింది" అంటారు, అంతే, అక్కడితో అయిపోతుంది. చేతికి పని ఉంటే మాట వస్తుంది. ఈ కాలంలో మా దిక్కు కందికాయ, అనపకాయ చేతికొస్తాయి. మధ్యాహ్నమే ఒక గంపెడు అనపకాయలు వాకిట్లో పోసి అందరినీ ఒలవమనండి. ఆ జిగురు, ఆ వాసన వేళ్లకు పట్టుకుంటే ఇక ఎవరూ ఫోన్ ముట్టుకోరు. కందికాయలు కాస్త ఉప్పేసి ఉడకబెట్టి మధ్యలో పెట్టండి. అప్పుడు క్యాలెండర్ దించండి.

మా అమ్మకు చదువు రాదు. క్యాలెండర్ గళ్లలో ఆమె పెట్టే గుర్తులు ఆమెకే తెలుసు. పాలకేంద్రంలో పాలు పోసిన పూటకు ఒక చుక్క, సిలిండర్ వచ్చిన రోజు సున్నా, కూలీలు ఎందరొస్తే అన్ని నిలువు గీతలు, బర్రె ఈనిన రోజు రెండు కొమ్ములు. జూన్‌లో ఒక గడిలో మూడు వాలు గీతలు కనిపిస్తే ఏందమ్మా అని అడిగాం. "గప్పుడే కదరా మొదటి వాన పడ్డది, గింజలు పెడదామని మీ నాయిన తొందరపడితే నేనే ఆగమన్న" అంది. ఆ ఒక్క గడి నుంచి గంట సేపు మాటలు నడిచాయి. రెండో వాన ఎన్నాళ్లకు వచ్చింది, ఎవరి గింజలు మొలవకుండా పోయాయి, మళ్లీ విత్తనాలకు ఎవరు అప్పిచ్చారు, అన్నీ వచ్చాయి.

మీ ఇంట్లో క్యాలెండర్ మీద రాసే అలవాటు లేకపోతే కరెంటు బిల్లులు, పెళ్లి కార్డులు, ఫోన్‌లో ఫొటోల తేదీలు ముందు పెట్టుకోండి, ఏదో ఒక ఆధారం ఉండాలి. ప్రశ్నలు చిన్నవిగా అడగండి. బోరు ఎప్పుడు ఎండింది? ఎవరింటికి పోయి భోజనం చేశాం? ఏ వస్తువు కొన్నాం? ఎవరు పోయారు? చెప్పింది చెప్పినట్టు ఒక నోట్‌బుక్‌లో పిల్లలతో రాయించండి. అమ్మ "బాయి" అంటే "బాయి" అనే రాయాలి, "బావి" అని దిద్దనివ్వొద్దు, ఈ విషయంలో నేను మొండిదాన్ని. ఫోన్‌లో రికార్డు చేయకండి, ఎర్ర చుక్క చూడగానే పెద్దవాళ్లు బిగుసుకుపోతారు.

భూమి పంపకాలు, అప్పుల వాటాలు ఆ సాయంత్రం ఎత్తొద్దు. మొదటి ఏడు మా తమ్ముడు మే నెల దగ్గర ఆ మాట తెచ్చాడు, జూన్‌కు పోకుండానే అందరం లేచిపోయాం. అది మాట్లాడాల్సిందే, కానీ పొద్దున పూట, పిల్లలు లేనప్పుడు.

పిల్లలకు ఒక పూట బయట తిప్పడం కూడా కావాలి. నల్లగొండ దిక్కు వాళ్లయితే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోండి, గర్భగుడిలో లింగం మీద పగలంతా పడే ఆ నీడ ఏ స్తంభానిదో కనిపెట్టమంటే రెండు గంటలు కదలరు, పక్కనే ఉదయ సముద్రం గట్టు మీద కట్టుకుపోయిన అన్నం తినొచ్చు. పాలమూరు వాళ్లకు పిల్లలమర్రి ఉండనే ఉంది. చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ బాటిళ్లు కట్టి మందెక్కించి కాపాడుకున్న చెట్టు అది, ఆ సంగతి పిల్లలకు చెప్పండి. రెండు మూడు ఊళ్లు మాత్రం పెట్టుకోకండి. అలిసిపోయి వస్తే సాయంత్రం పాడవుతుంది.

ఇంట్లో ఎవరైనా పోయిన ఏడైతే ఆ నెల దాటేద్దామనిపిస్తుంది. దాటేయొద్దు. పోయిన ఏడు ఆగస్టులో మా నాయిన పోయాడు. ఆ కాగితం తిప్పగానే పన్నెండు గళ్లు ఖాళీగా కనిపించాయి, చుక్క లేదు, గీత లేదు. ఎవరం మాట్లాడలేదు, అనపకాయలు ఒలుస్తూనే ఉన్నాం. అమ్మే వేలు పెట్టి పదమూడో గడి చూపించి, "ఈ రోజు పాలు పోసిన" అంది. ఆ తరువాత ఆ పన్నెండు రోజుల్లో ఎవరెవరు వచ్చారో, ఎవరు వండి తెచ్చారో, బర్రెను ఎవరు చూసుకున్నారో ఒక్కొక్కరి పేరూ చెప్పింది. మా అక్క బిడ్డ రెండు పేజీలు రాసింది. అందులో సగం సంగతులు ఆ రోజుల్లో ఇంట్లోనే ఉన్న నాకు కూడా తెలియవు.

డిసెంబరు దాకా వచ్చాక పాత క్యాలెండర్‌ను పారేయకుండా చుట్టి, దాని సంవత్సరం పైన రాసి, నోట్‌బుక్‌తో కలిపి పెట్టెలో దాచండి. కొత్తది అదే మేకుకు తగిలించి, పక్కనే దారంతో ఒక పెన్ను కట్టండి. పెన్ను దొరక్క చాలా గళ్లు ఖాళీగా ఉండిపోతాయి. మా అమ్మ పెన్సిలే కావాలంటుంది, పెన్ను చలికాలం రాయదట.