జీబీఎస్ నుంచి ఎప్పటికి కోలుకుంటారో ఎలా అంచనా వేసుకోవాలి

నేను ఫిజియోథెరపిస్టుని. గుంటూరు, తెనాలి చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి జీబీఎస్ (గిలియన్-బారీ సిండ్రోమ్) పేషెంట్లతో వ్యాయామాలు చేయిస్తాను. ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల మీద దాడి చేసి కాళ్లూ చేతులూ బలహీనపడే జబ్బు ఇది. ఎవరింటికి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: "ఎప్పటికి నడుస్తారండీ?" అప్పటికే అమెరికాలో ఉన్న అబ్బాయి నెట్‌లో చూసి, ఆరు నెలల్లో నూటికి 80 మంది నడుస్తారని చెప్పి ఉంటాడు. ఆ లెక్క అబద్ధం కాదు. కానీ అది ఎక్కువగా యూరప్, అమెరికా పేషెంట్లను చూసి వేసిన లెక్క. మీవాళ్లకు సరిపోతుందో లేదో వాళ్ల కాగితాలే చెప్పాలి.

ముందు నర్వ్ కండక్షన్ రిపోర్టు తీయండి, అంటే నరాల్లో సిగ్నల్ ఎలా పోతోందో చూసే పరీక్ష. జీబీఎస్‌లో ఏ రకమో అందులో ఉంటుంది. నరాన్ని కరెంటు వైరు అనుకోండి. ఏఐడీపీ (AIDP) అని ఉంటే వైరు మీది తొడుగు దెబ్బతిన్నట్టు. ఏమాన్ (AMAN) అని ఉంటే లోపలి తీగే దెబ్బతిన్నట్టు, అది కూడా కండరాలను కదిలించే నరాల్లో మాత్రమే. యూరప్, ఉత్తర అమెరికాల్లో ఏఐడీపీ ఎక్కువ. ఏమాన్‌ని ఒక ప్రత్యేక రకంగా గుర్తించింది ఉత్తర చైనాలో. 1990ల మొదట్లో అక్కడి పల్లెల్లో వేసవి వచ్చేసరికి పిల్లలు కాళ్లూ చేతులూ పడిపోయి ఆసుపత్రుల్లో చేరేవారు. బంగ్లాదేశ్‌లోనూ ఏమాన్ ఎక్కువే. జపాన్ వైపు మిల్లర్ ఫిషర్ రకం ఎక్కువగా కనిపిస్తుంది. అందులో చూపు రెండుగా కనబడి నడక తూలుతుంది, చాలామంది బాగా కోలుకుంటారు. మన దేశంలో ఏఐడీపీ, ఏమాన్ రెండూ ఉన్నాయి కాబట్టి ఊరిని బట్టి ఊహించకండి.

ఈ తేడాకు ఒక పెద్ద కారణం క్యాంపైలోబ్యాక్టర్ అనే క్రిమి. కలుషితమైన నీళ్లు, సరిగా ఉడకని కోడిమాంసం ద్వారా కడుపులోకి వెళ్లి విరేచనాలు తెస్తుంది. దాని పైపొర మన నరాల్లోని ఒక పదార్థాన్ని పోలి ఉంటుంది. శరీరం క్రిమి మీద చేసే దాడి నరాల మీద పడుతుంది. అందుకే బలహీనత మొదలవక ముందు నెలలో విరేచనాలు అయ్యాయా, జలుబు చేసిందా అన్నది గుర్తుచేసుకుని డాక్టర్‌గారికి చెప్పండి.

ఏమాన్ అనగానే కుంగిపోకండి. కొందరిలో తీగ తెగదు, సిగ్నల్ మాత్రం ఆగుతుంది. వాళ్లు కొన్ని వారాల్లోనే లేచి తిరుగుతారు. తీగ తెగితే మాత్రం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరగాలి. నడుము నుంచి పాదం దాకా ఎంత దూరమో చూడండి, ఎందుకు ఏళ్లు పడుతుందో అర్థమవుతుంది. మొదటి రిపోర్టులో ఈ రెండూ ఒకేలా కనబడొచ్చు. మొదటి వారంలో చేస్తే రిపోర్టు నార్మల్‌గా కూడా రావచ్చు. 3 నుంచి 8 వారాల మధ్య మళ్లీ చేయించాలా అని న్యూరాలజిస్టుని అడగండి.

నన్నడిగితే రకం పేరు కన్నా మూడు విషయాలు ముఖ్యం: వయసు, ముందు విరేచనాలు అయ్యాయా లేదా, ఆసుపత్రిలో చేరిన ఏడో రోజు కండరాల బలం ఎంత. ఆ బలాన్ని 60కి లెక్కేసి రాస్తారు. ఆ అంకె అడిగి రాసుకోండి.

బంగ్లాదేశ్‌లో కోలుకోవడం నెమ్మదిగా ఉండటానికి నరాలొక్కటే కారణం కాదు, చాలామందికి ఐవీఐజీ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) కొనే స్తోమత లేదు. మన దగ్గరా అదే బాధ. కిలోకు 2 గ్రాముల చొప్పున 60 కిలోల మనిషికి 120 గ్రాములు కావాలి. అప్పు చేసే ముందు ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ప్లాస్మా తీసేసి వేరే ద్రవం ఎక్కించడం) కుదురుతుందా అని అడగండి, అదీ అంతే బాగా పనిచేస్తుంది. ఐవీఐజీ అయితే మొదటి రెండు వారాల్లో, ప్లాస్మా అయితే నాలుగు వారాల్లోపు మొదలవ్వాలి. జీబీఎస్‌కి స్టెరాయిడ్లు పనిచేయవు.

ఇంటికొచ్చాక పాదం కిందికి వాలిపోకుండా స్ప్లింట్ వేయండి. ఒక్కసారిగా కూర్చోబెడితే బీపీ పడిపోతుంది, మెల్లగా లేపండి. అలసిపోయేదాకా వ్యాయామం చేయించొద్దు, తర్వాతి రోజు ఇంకా నీరసంగా ఉంటే తగ్గించండి. రోజూ ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెడుతున్నారో చూడండి. ఆ లెక్క తగ్గుతూ వస్తున్నా, మింగడం కష్టమైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొదలై 8 వారాలు దాటాక కూడా బలం తగ్గుతుంటే అది సీఐడీపీ (CIDP) అనే, జీబీఎస్‌ని పోలిన దీర్ఘకాలిక నరాల జబ్బు కావచ్చు. దాని చికిత్స వేరు, అందులో స్టెరాయిడ్లు కూడా వాడతారు. పాత రిపోర్టులన్నీ పట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికే వెళ్లండి.