ఏడాది సరుకులు కొనేముందు ఇవి చూస్కోండి

ముందు ఇంట్లో డబ్బాలన్నీ మూత తీసి చూడండి, పోయినేడు నేను చూడకుండా వెళ్లి అరలో 3 కేజీల కందిపప్పు ఉండగానే ఇంకో 10 కేజీలు తెచ్చా, సగం పురుగు పట్టింది.

మిర్చి, చింతపండు మార్చి, ఏప్రిల్‌లో కొత్త పంట దిగాకే కొనండి. మిరపకాయ పట్టుకుంటే గలగలలాడాలి, మెత్తగా వంగిందంటే తేమ ఉన్నట్టే, అంటే నీళ్లకి కూడా మిర్చి రేటు కడుతున్నారన్నమాట, పైగా బూజొకటి. చింతపండు గింజ తీసిందా తీయనిదా అడిగాకే రేట్లు పోల్చండి.

కాటా సున్నా దగ్గరుందా, తూనికల శాఖ ముద్ర ఉందా చూడండి.

కొత్త బియ్యం చవకే కానీ అన్నం ముద్దవుద్ది, ఒదుగూ ఉండదు.

ఆటో కిరాయి కూడా లెక్కేస్కోండి, ఒక్కోసారి మిగిలిందంతా దానికే పోద్ది.