మొటిమల జెల్‌తో వచ్చిన మంట ఎలా తగ్గిందంటే

మొటిమలు త్వరగా పోవాలన్న ఆత్రంలో 10 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్ రోజుకు రెండుసార్లు ముఖమంతా దట్టంగా రాశాను. నాలుగో రోజుకి ముక్కు పక్కన చర్మం ఎర్రగా కంది, పొట్టు లేచింది. నవ్వితే పెదవుల మూలలు చురుక్కుమనేవి.

జెల్ ఆపేసి, చర్మం మామూలయ్యేదాకా వాసన లేని మాయిశ్చరైజర్ మాత్రమే రాశాను. తర్వాత 2.5 శాతానికి మారాను. మొటిమల మీద ఇదీ దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ. ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో! రోజు విడిచి రోజు, రాత్రిపూట, ముఖం కడిగి పూర్తిగా ఆరాక, బఠానీ గింజంత తీసుకుని పలుచగా రాస్తాను. కళ్లు, పెదవులు, ముక్కు మూలల జోలికి వెళ్లను. పైన మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్.

ఈ జెల్ తగిలి నీలం దిండు గలీబు మీద నారింజ మచ్చలు పడ్డాయి. అది మరక కాదు, రంగే వెలిసిపోయింది. ఎంత ఉతికినా పోదు. ఇప్పుడు తెల్ల గలీబే వేస్తున్నాను.

తేడా కనిపించడానికి 6 వారాలు పట్టింది. కాస్త పొడిబారడం మామూలే. ముఖం వాచినా, దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే.