స్పీకర్ బాక్సుకు రంగు కుదరడం లేదా? అనంతపురం ఎండలో వచ్చే తిప్పలు

ఇంట్లో చేసుకున్న బాక్సుకు రంగు చెడిందంటే చాలామంది వెంటనే ఇంకో కోటు వేస్తారు. దాంతో లోపం ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ముందు కారణం పట్టుకోండి.

సమస్య: పైభాగం చీనీకాయ తొక్కలా గుంటలు గుంటలుగా ఉంది.
కారణం: మన దగ్గర ఏప్రిల్, మేలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. స్ప్రే గన్ నుంచి వచ్చిన రంగు తుంపర్లు ఒకదాంట్లో ఒకటి కలిసి చదును కాకముందే థిన్నర్ ఆవిరైపోతుంది. గన్ మరీ దూరంగా పట్టినా ఇంతే.
పరిష్కారం: బాగా ఆరనిచ్చి, 600 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. నీళ్లు పూర్తిగా ఆరాక, నెమ్మదిగా ఆరే థిన్నర్ కలిపి, గన్‌ను జానెడు దూరంలో పట్టి మళ్లీ కొట్టండి. తెల్లవారుజామునే పని పెట్టుకోండి. ఎండకు వేడెక్కిన చెక్క మీద అసలు వేయొద్దు. జూన్ తర్వాత మన గాలి సంగతి తెలిసిందే, ఆరుబయట కొడితే రంగు నిండా దుమ్మే.

సమస్య: అతుకుల దగ్గర సన్నగా గీత తేలింది.
ఇదే అసలైన తలనొప్పి. ఫెవికాల్‌లోని నీటికి ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) అంచు ఉబ్బుతుంది. అది దిగకముందే రుద్ది చదును చేస్తే, తర్వాత ఆరినప్పుడు అక్కడ పల్లం పడుతుంది. పైగా ఎండీఎఫ్ వాన తేమకు ఉబ్బి, ఎండకు తగ్గుతుంటుంది. మామూలు లప్పం ఆ కదలికకు ఆగదు. అతుకు పొడవునా చిన్న గాడి తీసి, కార్ల డెంటింగ్‌కు వాడే హార్డెనర్ లప్పం నింపండి. గట్టిపడ్డాక 180, 320 నంబరు పేపర్లతో రుద్ది ప్రైమర్ వేయండి. అప్పుడూ గీత రాదని హామీ ఇవ్వలేను. నన్నడిగితే వెనీర్ (పల్చటి చెక్క పొర) అతికించడమో, గరుకు టెక్స్చర్ రంగు వేయడమో మేలు.

సమస్య: కోసిన అంచులు ఎన్ని కోట్లు వేసినా మెరవవు.
అక్కడ ఎండీఎఫ్ గుల్లగా ఉండి రంగు పీల్చేస్తుంది. రంగుకు ముందే అంచులకు గుల్లను పూడ్చే సీలర్ రెండు కోట్లు వేసి, మధ్యలో రుద్దండి.

సమస్య: రంగు ముడతలు పడి లేచింది.
ఎనామిల్ మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లక్కర్ పడి ఉంటుంది. దాని ఘాటు థిన్నర్ కింది పొరను లేపేస్తుంది. గీకి మొదటి నుంచీ వేయడమే దారి.

సమస్య: ముసురు రోజున వేసిన లక్కర్ తెల్లగా పొగచూరినట్టుంది.
థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి, గాలిలోని తేమ దానికి పట్టింది. పొడి రోజున రిటార్డర్ థిన్నర్ (నెమ్మదిగా ఆరేది) పలుచగా కొడితే చాలాసార్లు పోతుంది.

సమస్య: రంగయ్యాక స్పీకర్ గరగరమంటోంది.
స్పీకర్ బిగించి ఉండగానే రుద్దారా? స్టీల్ ఊల్ వాడితే మరీ ప్రమాదం, దాని పోగులను అయస్కాంతం లాక్కుని వాయిస్ కాయిల్ (స్పీకర్ లోపలి తీగచుట్ట) సందులో ఇరికిస్తుంది. అవి బయటికి రావడం కష్టం. అందుకే రుద్దేముందే స్పీకర్ విప్పి వేరే గదిలో పెట్టండి. ఎనామిల్ అయితే వారమైనా ఆగి బిగించండి, లేదంటే గాస్కెట్ (స్పీకర్ అంచు కింది మెత్తటి పట్టీ) రంగుకు అతుక్కుపోతుంది.