పెద్దవాళ్లు బాధని ఏ అలవాటు వెనక దాస్తున్నారో పసిగట్టడం ఎలా

మా నాన్న నిద్రమాత్రల సంగతి నాకు తెలిసింది దిండు కవర్లు ఉతుకుదామని తీసినప్పుడు. లోపల మూడు ఖాళీ స్ట్రిప్పులు, నీట్‌గా మడిచి రబ్బర్ బ్యాండ్ వేసి ఉన్నాయి, ఆయన జీవితమంతా బిల్లులు కూడా అలాగే దాచేవారు. డాక్టర్ రాసింది రోజుకొకటి, నెల మాత్రలేమో పదిహేను రోజులకే అయిపోతున్నాయి. నిజం చెప్పాలంటే గొడవ పెట్టుకుందామనే వెళ్లా. "మీ అమ్మ పోయాక రాత్రి మూడింటికి మెలకువొచ్చేస్తోందిరా, మూడు నుంచి ఆరు దాకా ఏం చెయ్యమంటావ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఇదే, అలవాటు కనపడగానే దాని మీద పడిపోకండి, అది రోజులో ఏ టైమ్‌ని, ఏ ఖాళీని పూడుస్తోందో ముందు చూడండి. మాత్రలు లాక్కుంటే ఆ మూడు నుంచి ఆరు ఎక్కడికీ పోదు కదా, ఇంకోటేదో వచ్చి అక్కడ కూర్చుంటుంది.

మొదట పోల్చి చూడండి, అది కూడా పక్కింటి పెద్దాయనతో కాదు, మీవాళ్లు రెండేళ్ల కింద ఎలా ఉండేవాళ్లో దానితో. ఎప్పుడూ ఒంటరిగా పుస్తకం పట్టుకుని కూర్చునే మనిషి ఇప్పుడూ అలాగే ఉంటే అందులో కంగారు పడేది ఏం లేదు. పది మందితో ఉంటే గానీ తోచని మనిషి ఫోన్ మోగినా తియ్యకుండా పొద్దున్నుంచి టీవీ ముందే ఉన్నారంటే మాత్రం ఆగి చూడాలి, ఇంకా టీవీలో ఏమొస్తోందని అడిగితే చెప్పలేకపోతే అది చూడటం కాదు, ఇంట్లో ఏదో ఒక చప్పుడు ఉండాలని పెట్టుకున్నారు అంతే. ఒక కాగితం మీద ఈ అలవాటు దాదాపు ఎప్పుడు మొదలైందో రాయండి, పక్కన ఆ ఆర్నెల్లలో ఏం జరిగిందో రాయండి: రిటైర్మెంట్, భార్యో భర్తో పోవడం, బండి నడపడం మానెయ్యడం, ఇల్లు మారడం, చెవులు సరిగా వినపడకపోవడం. చెవుల సంగతి చాలామంది వదిలేస్తారు, వినపడని మనిషి నలుగురిలో కూర్చుని నవ్వాల్సిన చోట నవ్వలేక మెల్లిగా రావడమే మానేస్తారు, మనమేమో "ఈ మధ్య ముభావంగా ఉంటున్నారు" అనుకుంటాం.

ఇప్పుడు మాత్రల గురించి, ఇది కాస్త వివరంగా చెప్పాలి ఎందుకంటే ఇంట్లో ఎవరూ దీన్ని అలవాటు అనుకోరు, డాక్టర్ ఇచ్చిందే కదా అంటారు. నిద్రకీ ఆందోళనకీ రాసే ఆల్ప్రాజోలం, క్లోనాజెపామ్, డయాజెపామ్ లాంటి మాత్రలు వయసు మీద పడ్డ ఒంట్లోంచి అంత తొందరగా పోవు. డయాజెపామ్ అయితే 20 ఏళ్ల వయసులో రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 20 గంటలు పడితే 80 ఏళ్లకి 80 గంటల పైనే పట్టొచ్చు, అంటే ఈ రాత్రి వేసుకున్నది ఇంకా సగం కూడా పోకముందే రేపటిది, ఎల్లుండిది పడుతుంటాయి. దాంతో పొద్దున మత్తు, తూలడం, మతిమరుపు, బాత్రూమ్‌లో పడిపోవడం. అందుకే అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ వాళ్ల బీర్స్ లిస్ట్‌లో (పెద్దవాళ్లకి ఇవ్వడంలో జాగ్రత్తపడాల్సిన మందుల జాబితా) 65 దాటినవాళ్లకి ఈ రకం మాత్రలు వీలైనంతవరకు వద్దనే ఉంటుంది. ప్రిస్క్రిప్షన్ లేకుండా దొరికే జలుబు మాత్రలు కూడా నిద్ర కోసం వేసుకునేవాళ్లున్నారు, వాటిల్లో ఉండే డిఫెన్‌హైడ్రమిన్ లాంటి మందులు పెద్ద వయసులో మనిషిని గందరగోళంలో పడేస్తాయి. గుర్తుపట్టడం కష్టమేం కాదు. స్ట్రిప్ కొన్న తేదీ, మిగిలిన మాత్రలు లెక్కేస్తే తేలిపోతుంది, ఇద్దరు ముగ్గురు డాక్టర్ల దగ్గర ఒకే మందు రాయించుకుంటున్నారేమో చూడండి, "మాత్రలు ఎక్కడో పడిపోయాయి" అనే మాట నెలకోసారి వినిపిస్తే అనుమానించండి. నొప్పి మాత్రలూ అంతే, ఒంటి నొప్పికే వేసుకుంటున్నారా లేక ఒంటరిగా ఉన్న సాయంత్రాల్లోనే నొప్పి ఎక్కువవుతోందా గమనించండి. అలాగని ఆ నొప్పి నాటకం అనుకోవద్దు, పెద్దవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాకుండా ఒళ్లు నొప్పులుగా, చిరాకుగా, ఆకలి లేకపోవడంగా బయటికొస్తుంది.

మందు తాగడం విషయంలో అందరూ పొరబడేది ఒక చోట. "ఎప్పట్నుంచో రెండు పెగ్గులే, పెంచలేదు" అంటారు, అది నిజమే అయ్యుండొచ్చు కూడా, కానీ వయసుతో పాటు ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది కాబట్టి అవే రెండు పెగ్గులు ఇప్పుడు రక్తంలో ఎక్కువగా చేరతాయి. దానికి తోడు నిద్రమాత్ర పడితే ఊపిరే మందగించొచ్చు. ఎన్ని పెగ్గులు అనేదానికంటే ఏ టైమ్‌కి మొదలవుతోంది, ఎవరూ లేనప్పుడేనా, సీసా చోటు మారుతోందా, వాళ్లే కారణం చెప్పలేని గాయాలు ఉంటున్నాయా, ఇవి చూడండి. ఇంకొకటి గట్టిగా చెప్తున్నా, రోజూ తాగే మనిషి ఏ ఆపరేషన్‌కో హాస్పిటల్‌లో చేరితే పరువు అనుకోకుండా డాక్టర్‌కి చెప్పండి, చెప్పకపోతే రెండో రోజో మూడో రోజో చేతులు వణకడం, లేనివి కనపడటం మొదలైతే అది తాగుడు ఆగిపోవడం వల్ల అని తెలియక అందరూ ఇంకేదో అనుకుంటారు.

మనం మెచ్చుకునే అలవాట్లు కూడా కొన్ని ఇందులోకే వస్తాయి. భర్త పోయిన నెలకే ఇల్లంతా కడుగుతూ, అందరి పనులూ నెత్తిన వేసుకుని, ఒక్క నిమిషం కూడా కూర్చోకుండా ఉండే అమ్మని చూసి "ఎంత ధైర్యమో" అంటారు, ఆవిడేమో కూర్చుంటే గుర్తొస్తుందని కూర్చోవట్లేదు. కాసేపు కూర్చోమని మీరు పక్కన కూర్చుంటే రెండు నిమిషాల్లో ఏదో ఒక పని కల్పించుకుని లేచిపోతున్నారంటే, కూర్చోబెట్టడానికి పోరాడకండి, మీరే లేచి ఆ పనిలో చెయ్యి వెయ్యండి, చేతులు పనిలో ఉన్నప్పుడే మాట బయటికొస్తుంది.

తిండి, డబ్బు గురించి ఎక్కువ చెప్పను. బెల్ట్ చిల్లులు లోపలికి జరుగుతున్నాయంటే, ప్రయత్నం చెయ్యకుండానే ఆరు నెలల నుంచి ఏడాదిలో బరువు 5 శాతం తగ్గిందంటే డాక్టర్‌కి చూపించాల్సిందే. విప్పని పార్సిళ్లు పోగుపడుతున్నాయా, ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలు మొదలయ్యాయా, అర్ధరాత్రి డబ్బు కట్టినట్టు మెసేజ్‌లు ఉన్నాయా, అవీ చూసుకోండి.

చూడటం అంటే సీఐడీ పని కాదు, నేను మొదట్లో అదే చేసి నాన్న నమ్మకం పోగొట్టుకున్నా, డ్రాయర్లు వెతికానని తెలిశాక రెండు వారాలు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. మీరు దూరంగా ఉంటే రోజూ ఒకే టైమ్‌కి కాకుండా వేర్వేరు టైముల్లో ఫోన్ చెయ్యండి, పొద్దున తొమ్మిదింటికి చలాకీగా ఉన్న గొంతు రాత్రి ఎనిమిదింటికి ముద్దముద్దగా ఉంటే తెలిసిపోతుంది.

మాట్లాడేటప్పుడు "ఎందుకిలా చేస్తున్నారు" అని మొదలుపెడితే తలుపు మూసుకున్నట్టే. "రోజులో ఏ టైమ్ గడవడం కష్టంగా ఉంది?" అని అడిగి చూడండి, ఇది నేను చాలామందికి చెప్పా, దాదాపు అందరికీ ఒక గంట పేరుతో సహా జవాబొచ్చింది. ఆ జవాబు వచ్చాక వెంటనే సలహా ఇవ్వకండి బాబూ, కాసేపు అలా వదిలెయ్యండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి మాత్ర, సిరప్, పొడి అన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. థైరాయిడ్, బి12 పరీక్షలు అడగండి, ఇవి తగ్గినా మనిషి దిగులుగా, మందకొడిగా అయిపోతారు. జీడీఎస్ అని పెద్దవాళ్ల కోసమే చేసిన 15 ప్రశ్నల డిప్రెషన్ పరీక్ష ఉంది, అన్నిటికీ అవును కాదు అంటే చాలు, మార్కులు 5 దాటితే ఇంకా లోతుగా చూడాలని లెక్క. మనిషి ఒకట్రెండు రోజుల్లోనే హఠాత్తుగా మారిపోయి తికమకగా మాట్లాడితే అది అలవాటూ కాదు దిగులూ కాదు, ఇన్ఫెక్షనో మందుల తేడానో కావచ్చు, వెంటనే తీసుకెళ్లండి. "నేను పోతే మీకు హాయి" అన్నా, ఇష్టమైన వస్తువులు పంచేస్తున్నా, మాత్రలు వేసుకోకుండా పోగేస్తున్నా వయసు మాటలని కొట్టిపారెయ్యొద్దు, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే ఆలోచన పుట్టించినట్టు అవుతుందన్నది అపోహ, ఆ రోజు ఒంటరిగా వదలకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

నిద్రమాత్రలైనా రోజూ తాగే అలవాటైనా మీరే ఒక్కసారిగా ఆపించొద్దు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావొచ్చు. ఏదైనా డాక్టర్ చెప్పినట్టే చెయ్యాలి, నిద్రమాత్రలైతే కొంచెం కొంచెంగా తగ్గించాలి, దానికి నెలలు కూడా పట్టొచ్చు.

మాకు ఎనిమిది నెలలు పట్టింది, ఇంకా పూర్తవ్వలేదు. మూడింటికి మెలకువ ఇప్పటికీ వస్తుంది నాన్నకి, లైట్ వేసుకుని అమ్మ పాత ఉత్తరాలు తేదీల ప్రకారం సర్దుతున్నారు, నాలుగున్నరకి ఒక్కోసారి నాకు మెసేజ్ పెడతారు, ఫలానా సంవత్సరం ఉత్తరం దొరికిందిరా అని. ఆదివారం ఇద్దరం కూర్చుని స్ట్రిప్ లెక్కపెడతాం. ఇప్పుడు రోజుకి అరమాత్ర మీద ఉన్నాం.